కోత తక్కువ, కుచ్చిళ్ళు ఎక్కువ

1722 డిసెంబరు 25. ఆ క్రిస్మస్ నుంచి ఇంగ్లండులో పూల అద్దకం నూలు పావడా కట్టుకుని వీధిలోకి వచ్చిన ఆడమనిషికి 5 పౌన్ల జరిమానా. ఆ గుడ్డ అమ్మిన దుకాణదారుకైతే 20 పౌన్లు. అంతకు ముందు ఏడాది పార్లమెంటు చేసిన చట్టం ఆ రోజు అమల్లోకి వచ్చింది. చట్టం దాకా ఎందుకు, 1719లోనే లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్ళు గుంపులుగా వీధుల్లో పడి, కాలికో, అంటే ఈ అద్దకం నూలుగుడ్డ, కట్టిన ఆడవాళ్ళు కనిపిస్తే ఒంటి మీదే బట్టలు చింపేశారు, సిరా గుమ్మరించారు. ఫ్రాన్సు మరీ ముందు. అక్కడ 1686లో పెట్టిన నిషేధం 1759 దాకా తొలగలేదు. పళ్ళెంలో అన్నం ముద్ద పోతుందని భయపడిన నేతగాళ్ళది ఒక బాధ, కట్టుకోకుండా ఉండలేని ఆడవాళ్ళది ఇంకో బాధ.

ఇంత రభసకూ కారణమైన గుడ్డలో మేలైన రకం కోరమాండల్ తీరం నుంచి వెళ్ళింది. ఆ తీరానికి ఉత్తరపు కొస మన మచిలీపట్నం.

గుడ్డ వెళ్ళిన కథ, ఈస్టిండియా కంపెనీల కథ చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. ఓడ దిగిన గుడ్డ పావడాగా ఎలా మారింది, ఏ సూది, ఏ దారం, ఏ కుట్టు అన్న సంగతి మాత్రం చాలాకాలం మ్యూజియం అద్దాల పెట్టెల్లోనే ఉండిపోయింది. ఆ కుట్లు విప్పి చెప్పినవాళ్ళలో ముందు తలచుకోవాల్సిన పేరు జానెట్ ఆర్నాల్డ్. మ్యూజియాల్లోని పాత గౌన్లను దగ్గరగా చూసి, కొలిచి, గళ్ళ కాగితం మీద ముక్క ముక్కా గీసి 1964లో ఆమె అచ్చువేసిన ‘పాటర్న్స్ ఆఫ్ ఫ్యాషన్’ ఇవాళ్టికీ ఈ పనిలో ఉన్నవాళ్ళకి పెద్దబాలశిక్ష. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం విలియమ్స్‌బర్గ్ అనే పాత ఊళ్ళో మార్గరెట్ హంటర్ దుకాణం ఉంది. 18వ శతాబ్దంలో గౌన్లు కుట్టిన తీరులోనే అక్కడ ఇప్పటికీ చేత్తో కుడుతూ, శిష్యులకు నేర్పుతున్నారు. యూట్యూబ్‌లో బెర్నడెట్ బ్యానర్ లాంటివాళ్ళు సూది పట్టుకుని కూర్చుంటే లక్షల మంది చూస్తున్నారు.

ఏమిటీ పిచ్చి అనిపించడం సహజం. పది నిమిషాల్లో మిషను మీద అయిపోయేదానికి రోజుల తరబడి వేళ్ళు పొడుచుకోవడం దేనికి? నాకూ అదే అనుమానం ఉండేది. 18వ శతాబ్దపు పెట్టికోటు ఒకటి పెడన కలంకారీ అద్దకం గుడ్డతో నేనే కుట్టి చూశాక తెలిసింది, అందులో ఓపిక పాత్ర కొంచెమే. మిగతాదంతా లెక్క.

లెక్కంతా గుడ్డదే

కుట్టు మిషనుకి ఎలియాస్ హౌ పేటెంటు తీసుకున్నది 1846లో. సింగర్ మిషను వచ్చింది 1851లో. అంతకు ముందు లోకంలో రాజుగారి అంగీ అయినా, ఓడ తెరచాప అయినా దాదాపు అంతా చేతికుట్టే. అంతేకాదు, 1760ల్లో నూలు వడికే యంత్రాలు మొదలయ్యేదాకా పోగు కూడా చేతిదే. ఒక మగ్గానికి నూలు అందించాలంటే రాట్నాలు చాలా తిరగాలి. అందుకని గుడ్డ ఖరీదు, కూలి చవక. ఒక గౌనుకు అయిన ఖర్చులో దర్జీ కూలి చిన్న వాటా, సింహభాగం గుడ్డది. ఇప్పుడు మన పరిస్థితి పూర్తిగా తలకిందులు. మీటరు గుడ్డ వందకు దొరుకుతుంది, బ్లౌజు కుట్టుకూలి అయిదారు వందలు అడుగుతారు.

ఆ ఒక్క సంగతి బుర్రలో పెట్టుకుని చూస్తే పాత కుట్టులో వింతగా కనిపించేవన్నీ దారిలో పడతాయి.

మొదటిది, కోత. ఆ పెట్టికోటులో కలీలు లేవు, వంపులు లేవు. పన్నా పన్నాగా అడ్డం కోసిన నలుచదరపు ముక్కలే. అప్పటి పట్టుగుడ్డ పన్నా 20 అంగుళాల అటూ ఇటూ ఉండేది కాబట్టి నాలుగైదు ముక్కలు జోడించేవాళ్ళు. ఇప్పటి 45 అంగుళాల పన్నా అయితే రెండు ముక్కలు చాలు. ముందుకొకటి, వెనక్కొకటి. కత్తెర పని అక్కడికి ముగిసినట్టే. గుడ్డ పీలిక కూడా మిగలదు.

ఇక్కడ ఒక మాట. అప్పటి పెట్టికోటు మనం చీర కింద కట్టుకునే లోపావడా కాదు. గౌను ముందు భాగం తెరుచుకుని ఉండేది. ఆ మధ్యలోంచి పెట్టికోటు దర్జాగా పైకి కనిపించేది. దాని కింద చలికి మరి రెండో మూడో ఉండేవి. ఉన్ని పెట్టి, పట్టు మీద వజ్రాల గళ్ళుగా కుట్టిన మెత్తటి పెట్టికోట్లు లండన్ దుకాణాల్లో సిద్ధంగా దొరికేవి కూడా. రెడీమేడ్ వ్యాపారం అంత పాతది.

రెండోది, పక్క కుట్లు. రెండు ముక్కల నేత అంచులు ఒకదాని మీద ఒకటి పెట్టి జోడిస్తారు. నేత అంచుకు పోగులు ఊడవు కాబట్టి మడత పెట్టక్కర్లేదు, ఓవర్‌లాక్ మాటే లేదు. పైన తొమ్మిది పది అంగుళాలు మాత్రం కుట్టకుండా వదిలేస్తారు. పావడాకు జేబు ఉండదు. గుడ్డ సంచుల్లాంటి జేబులు రెండింటిని నాడాతో విడిగా నడుముకు కట్టుకుని, దాని మీద పావడా కట్టేవాళ్ళు. పక్కన వదిలిన సందులోంచి చెయ్యి పోనిచ్చి తాళాలు, చిల్లర, సూదిపెట్టె తీసుకోవాలి. ఈ జేబుల మీదే బార్బరా బర్మన్, అరియాన్ ఫెనెటో కలిసి 2019లో ఒక పెద్ద పుస్తకం తెచ్చారు. ఇప్పటి ఆడవాళ్ళ ప్యాంటు జేబులో సెల్‌ఫోను పట్టదు. ఆ జేబుల్లో మోచేతి దాకా చెయ్యి దూరేది. ఎవరు ముందుకు వెళ్ళారో నాకు అర్థం కాదు.

అంచు కదలకూడదు

మూడోది నన్ను బాగా ఆకట్టుకున్న కిటుకు. అప్పటి ఆడవాళ్ళు తుంటి మీద దూది దిండ్లో, బెత్తం కమ్ముల చట్రాలో కట్టుకుని, వాటి మీద పావడా వేసేవాళ్ళు. అందుకని పక్కల్లో గుడ్డ ఎక్కువ పడుతుంది, ముందు తక్కువ చాలు. ఇప్పటి దర్జీ అయితే ఏం చేస్తాడు? నడుం దగ్గర తిన్నగా కుట్టి, కట్టుకున్నాక కిందికి వంగి, నేల నుంచి కొలిచి, హెచ్చుతగ్గులు కింద కత్తిరిస్తాడు. 18వ శతాబ్దపు మనిషి దీనికి పూర్తిగా ఎదురు. కింది అంచు పోగు వెంట తిన్నగా ముందే కుట్టేసి, ఆ జోలికి మళ్ళీ పోదు. సర్దుబాటంతా పైన. మధ్యలో ఎక్కువైన గుడ్డను నడుం దగ్గర లోపలికి వాలుగా మడిచేస్తుంది. కొయ్యను కూడా కొయ్యదు, మడతలో దాచేస్తుంది. రేపు దిండు లేకుండా కట్టుకోవాలన్నా, పొడుగు కూతురికి ఇవ్వాలన్నా ఆ మడత విప్పితే చాలు.

కింది అంచు అలా తిన్నగా ఉండాల్సిన కారణం సగం మన తీరంలోనే ఉంది. యూరప్‌కు పంపే పావడా గుడ్డల మీద కింద పడే వైపు పెద్ద పూల అంచు, దాని మీద చిన్న అంచు, ఆ పైన పల్చగా తీగలు, కొమ్మలు దిద్దేవాళ్ళు. పై భాగం ఎలాగూ కుచ్చిళ్ళలో పోతుంది. ఈ గుడ్డ చదరంగా ఉండగానే, పావడా ఎలా కుడతారో ఎరిగి వేసిన పని అది. తిన్నగా గీసిన పూల అంచును కింద వంపుగా కోస్తే పువ్వులు సగానికి తెగుతాయి. కలంకారీ పనివాడు ఇక్కడ గీసిన గీతకు లండన్‌లో కుట్టే మనిషి కట్టుబడి ఉండాల్సిందే. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు.

ఆ పూల అంచు తయారవడానికి పట్టే శ్రమ ముందు నా కుట్టు ఏపాటి? గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఆరేయాలి. పాల కొవ్వు వల్ల రంగు పాకదు. ఇనుప తుక్కు, బెల్లం పులిసిన నీళ్ళతో నల్లగీత గీయాలి. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్ళు రాయాలి. ఆ మీదట చిరివేరు వేసి ఉడికిస్తే పటిక తగిలిన చోటే ఎరుపు పడుతుంది. నీలం కోసం మిగతా గుడ్డంతా మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచాలి. ఆకుపచ్చ కావాలంటే నీలం మీద పసుపు దిద్దాలి. ఒక్కో మెట్టు తర్వాత ఉతుకు, ఎండ. ఇన్ని చేస్తేగానీ ఉతికినా పోని రంగు రాదు. యూరప్‌కు అప్పటికి ఈ విద్య పూర్తిగా పట్టుబడలేదు. అందుకే కూర్దూ అనే ఫ్రెంచి పాదిరీ అద్దకంవాళ్ళ దగ్గర కూపీ లాగి, 1742లో ఈ పద్ధతంతా ఉత్తరం రాసి స్వదేశానికి పంపాడు. ఇప్పటి భాషలో దాన్ని ఏమంటారో పాఠకులకు చెప్పక్కర్లేదు.

మైనం పూసిన దారం

ఇక సూది దగ్గరికి వద్దాం. అప్పటి నూలు కుట్టుదారానికి బలం చాలేది కాదు. అవిసె నార దారం వాడేవాళ్ళు, పట్టుకు పట్టుదారం. పైస్లీ మిల్లుల నుంచి గట్టి నూలు దారం బజారుకు వచ్చింది 19వ శతాబ్దం మొదట్లో. నారదారం మీద నూగు ఉంటుంది. దాన్ని తేనెమైనం ముద్ద మీద ఒకటికి రెండుసార్లు లాగి, బొటనవేలూ చూపుడువేలూ మధ్య బిగించి దూయాలి. వేలి వేడికి మైనం పోగులోకి ఇంకుతుంది, నూగు అణిగిపోతుంది. అలాంటి దారం గుడ్డలోకి దిగేటప్పుడు కిర్రుమని చిన్న చప్పుడు చేస్తుంది. దిగినచోట పట్టుకుంటుంది కూడా, జారదు. పొడుగు మాత్రం మూరన్నర దాటనివ్వకూడదు. దాటితే చిక్కుపడుతుంది, గుడ్డలో పదేపదే దూరి అరుగుతుంది.

పక్క కుట్టు పొడుగాటి పరుగు కుట్టు. నాలుగు కుట్లు ముందుకు, ఒకటి వెనక్కి. ఆ వెనక కుట్టు తాళంలాంటిది, ఒకచోట దారం తెగినా అక్కడితో ఆగుతుంది. నేను మొదట జాగ్రత్త కొద్దీ ప్రతి కుట్టూ వెనక్కి తిప్పి అంతా బఖియా వేస్తూ కూర్చుంటే మా వీధి చివరి ముసలి దర్జీ చూసి నవ్వాడు.

“పక్క కుట్టుకి బఖియా దేనికమ్మా? అక్కడ బరువేముంది? గుడ్డ ఊరికే వేలాడుతుంది.”

“మరి ఊడిపోతుందేమో బాబాయిగారూ?”

“ఊడితే మళ్ళీ వేసుకుంటారు. చిరిగితే మాత్రం ఏం చేస్తారు? కుట్టు గుడ్డకంటే బలంగా ఉండకూడదమ్మా.”

మ్యూజియంవాళ్ళు పాత గౌన్ల గురించి చెప్పేది సరిగ్గా ఇదే. పైకి అంత వైభవంగా కనిపించే పట్టు గౌన్ల లోపలి వైపు చూస్తే కుట్లు పెద్దపెద్దగా, కొన్నిచోట్ల ఎగుడుదిగుడుగా ఉంటాయి. చేతకాక కాదు. బరువు పడేచోట గట్టిగా, పడనిచోట తేలిగ్గా వేశారు. తేలిక కుట్టు విప్పడం తేలిక. విప్పిన గుడ్డ మళ్ళీ కొత్త ఫ్యాషన్‌కు పనికొస్తుంది. తల్లి కట్టిన పట్టు ముప్పై ఏళ్ళకు కూతురి గౌనైన దాఖలాలు బోలెడు. పాత కుచ్చిళ్ళ గీతలు, సూది బొక్కలు ఇంకా ఆ గుడ్డ మీదే కనిపిస్తాయి.

ఇది మనకు తెలియని విద్యేం కాదు. ఎదిగే పిల్లకు పరికిణీ కుట్టిస్తే కింద రెండు టక్కులు వేయించేవాళ్ళు. ఏడాదికొక టక్కు విప్పితే పరికిణీ పిల్లతో పాటు పెరిగేది. అమ్మమ్మ పట్టుచీర చిరుగు తప్పించి మనవరాలి లంగా అయ్యేది. గుడ్డ ఖరీదైనదిగా ఉన్నంతకాలం ఎక్కడి ఇల్లాలైనా ఇదే లెక్క వేసింది. గుడ్డ చవకయ్యాక టక్కు పోయింది.

కింది అంచు మడత సన్నం, అర అంగుళానికి మించదు. చీరకు ఫాల్ కుట్టే చేతులకు ఈ హెమ్మింగ్ కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు. పై గుడ్డలో ఒకటి రెండు పోగులే సూదికి అందాలి, బయటికి కుట్టు కనపడకూడదు. మిషన్లు వచ్చి ఇన్నేళ్ళయినా ఫాల్ మాత్రం చేత్తో వేస్తేనే చీర తిన్నగా దిగుతుందని మన ఆడవాళ్ళు పట్టుబడతారు. ఆ మాటకొస్తే పాత పద్ధతి మన ఇళ్ళలో పోనేలేదు.

అన్నిటికంటే ఎక్కువ పొద్దు పట్టేది కుచ్చిళ్ళు. లెక్క సులువు. పైకి 1 అంగుళం కనిపించే కుచ్చిలికి 3 అంగుళాల గుడ్డ. 45 అంగుళాల ముక్క 15 అంగుళాలకు దిగుతుంది. ముందు 15, వెనక 15, కలిపితే 30 అంగుళాల నడుము. ముందు వైపు సరిగ్గా మధ్యలో ఒక వెడల్పాటి పెట్టె కుచ్చు వేసి, అక్కడి నుంచి రెండు పక్కలకూ మడతలన్నీ వెనక్కి చూసేలా పేర్చుకుంటూ పోవాలి. చెప్పడం సులువే కానీ, నలుచదరపు గుడ్డ కదా, ఒక కుచ్చిలి పావు అంగుళం అటైతే పక్కదాని మీద పడుతుంది, అది ఇంకోదాన్ని తోస్తుంది. గుండుసూదులు పెట్టి, కచ్చాకుట్టు వేసి, దూరంగా నిలబెట్టి చూసుకుని, విప్పి మళ్ళీ పెట్టుకోవాలి. కుదిరాక నాడా పట్టీకి ఒక్కో మడతనూ అన్ని పొరల్లోంచీ సూది దించి కుట్టాలి. పావడా బరువంతా వేలాడేది ఇక్కడే కాబట్టి ఈ చోట పొదుపు పనికిరాదు. అంగుస్తానా లేకుండా కూర్చుంటే వేలు చిల్లులు పడుతుంది.

వెనక ముక్క నాడాను ముందుకు తెచ్చి కట్టుకుని, ముందు ముక్క నాడాను వెనక్కి తీసుకెళ్ళి ముడేయాలి. గుండీ లేదు, కొక్కెం లేదు. రెండు ముక్కలూ పక్కల్లో ఒకదాని మీదికొకటి జరుగుతాయి కాబట్టి ఒళ్ళు చేసినా, కడుపుతో ఉన్నా అదే పావడా సరిపోతుంది. సైజుల గోల ఎప్పుడు మొదలైందో ఈ నాడాలు కట్టుకుంటే అర్థమవుతుంది.

మురిసిపోయే ముందు

చేతికుట్టును తలకెత్తుకునేవాళ్ళు మర్చిపోయే సంగతి ఒకటుంది. ఫ్రాన్సులో ఆడవాళ్ళ బట్టలు కుట్టే హక్కు కోసం ఆడవాళ్ళే మగ దర్జీల సంఘంతో పోరాడాల్సి వచ్చింది. 1675లో 14వ లూయీ వాళ్ళకు సొంత సంఘం పెట్టుకోనిచ్చాడు. అది గెలుపే. కానీ సూది పట్టిన చేతికి కూలి ఎప్పుడూ అంతంతమాత్రమే. 1843లో థామస్ హుడ్ చొక్కాలు కుట్టే ఆడదాని మీద రాసిన పాట ‘పంచ్’ పత్రికలో అచ్చయితే ఇంగ్లండంతా గగ్గోలెత్తింది. కళ్ళు పోయేదాకా కొవ్వొత్తి వెలుగులో కుట్టిన బతుకులవి. ఇటు వైపూ అంతే. లండన్‌లో పావడా మెరిసినంతగా కంపెనీ బయానాలు తీసుకున్న నేతగాడి, అద్దకంవాడి బతుకు మెరవలేదు. ఇవాళ మనం కిటికీ పక్కన ఫ్యాను కింద, ఇష్టమైతేనే కుడతాం. విసుగొస్తే పక్కన పడేస్తాం. ఆ తేడా గుర్తుంచుకుని పద్ధతిని మెచ్చుకుంటే అభ్యంతరం లేదు.

మెచ్చుకోవాల్సింది మాత్రం నిజంగానే ఉంది. మనం కట్టి పారేసే బట్టల కాలంలో, విప్పి మళ్ళీ కుట్టుకునేలా కుట్టడం చాదస్తం కాదు. నా లెక్కలో అదే తెలివైన దర్జీపని.

ఇంతకీ ఆ పాత పావడాలు ఎక్కడున్నాయంటారా? లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. టొరంటోలో రాయల్ ఒంటారియో మ్యూజియం వాళ్ళు 2020లో భారతీయ అద్దకం గుడ్డల మీద పెద్ద ప్రదర్శనే పెట్టారు. నెదర్లాండ్స్‌లో ఫ్రీస్లాండ్ ప్రాంతం లీవార్డెన్ మ్యూజియంలో ఇవి కోకొల్లలు. అదే ప్రాంతంలోని హిండెలోపెన్ అనే చిన్న రేవు ఊళ్ళో ఆడవాళ్ళు, మిగతా యూరప్ మానేశాక కూడా, కోరమాండల్ పూలగుడ్డతో పొడుగు కోట్లు కుట్టించుకుంటూనే ఉండేవాళ్ళు. డచ్చివాళ్ళు మచిలీపట్నంలో కాలుపెట్టింది 17వ శతాబ్దం తొలి ఏళ్ళలో. ఇంగ్లీషువాళ్ళ ‘గ్లోబ్’ ఓడ వచ్చింది 1611లో. ఆ లంకె తెగి చాలాకాలమైంది.

ఇప్పుడు మళ్ళీ కలపవచ్చు. విదేశాల్లో పాత పద్ధతి కుట్టుకు కూర్చునేవాళ్ళు ముందు వెతికేది అప్పటి పూలగుడ్డ లాంటి గుడ్డ కోసం. చేతివడుకు, చేతినేత సన్నబట్ట మనకు పొందూరులో ఉంది. వాలుగ చేప దవడతో పత్తి ఏకే పద్ధతి అక్కడ ఇంకా బతికే ఉంది. కలం పట్టే చేతులు శ్రీకాళహస్తిలో, అచ్చు వేసే చేతులు పెడనలో ఉన్నాయి. లేనిదల్లా పావడా కొలత గుడ్డ. పెడనలో దొరికేవి చీరలు, దుప్పట్లు, డ్రెస్ మెటీరియల్. నేను కొన్న గుడ్డలో పూలు పన్నా అంతా ఒక్క తీరుగా ఉన్నాయి, కింద అంచు లేదు. అడిగితే, ఆర్డరు ఉంటే వేస్తామన్నారు.

ఆ ఆర్డరు ఎవరో ఒకరు ఇవ్వాలి. 45 అంగుళాల పన్నా, 40 అంగుళాల ఎత్తు, నేత అంచులు నిలువునా, పూల అంచు అడ్డంగా కింద. అలాంటివి రెండు ముక్కలు కలిపి ఒక పావడా. మ్యూజియంలో ఉన్న పాత అంచుల నమూనాలు ఇంటర్నెట్‌లో చూడవచ్చు, బ్లాకులు చెక్కేవాళ్ళు పెడనలోనే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ హస్తకళల సంస్థ లేపాక్షి మొదటి విడతగా వంద పావడా గుడ్డలు వేయించి చూడాలి.